రెండు డిస్కులు పోయాయి: కంపెనీవే వేయించాలా, బయటివి చాలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హనుమకొండ. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కమిషన్ దుకాణం ఉంది. నిరుడు హైదరాబాద్‌లో 2014 మోడల్ బీఎండబ్ల్యూ జెడ్4, 35ఐ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. చిన్నప్పటి కోరిక. 18 అంగుళాల కంపెనీ అల్లాయ్ డిస్కులు (టైరు ఎక్కే చక్రాలు), రన్‌ఫ్లాట్ టైర్లు. పోయిన నెల రాత్రిపూట కరీంనగర్ నుంచి వస్తుంటే ఎల్కతుర్తి దాటాక నీళ్లు నిండిన గుంతలో పడింది. ఎడమవైపు ముందు డిస్కుకు లోపలి అంచున పగులు, వెనక డిస్కుకు సొట్ట. షోరూంలో ఒక్క డిస్కు రేటు విని నోట మాట రాలేదు. పైగా బయటి దేశం నుంచి రావాలట, టైం పడుతుందట. హైదరాబాద్‌లో ఒక వీల్స్ షాపతను ఇంచుమించు అదే డబ్బుకు 19 అంగుళాలవి నాలుగు ఇస్తానంటున్నాడు. డిజైన్ అచ్చం బీఎండబ్ల్యూదే. నాలుగూ 8.5 జే, ఆఫ్‌సెట్ 35. "ఏం కాదన్నా, స్పేసర్ వేసి సెట్ చేస్తా" అన్నాడు. ఇక్కడ వరంగల్‌లో వెల్డింగ్ మేస్త్రీ "ఆర్గన్ కొడితే కొత్తదాని లెక్క అయితది" అంటున్నాడు. మా బాపు ఏమో "గా చక్రాల పైసలతోటి ట్రాలీ ఆటో వస్తది" అంటున్నాడు. దోస్తుల్లో సగం మంది ఒరిజినలే వేయమంటే, సగం మంది నీకేమన్నా పిచ్చా అంటున్నారు. ఏం చేయమంటారు? ఇంకో మాట. ఎలాగూ పని పెట్టుకుంటున్నాను కాబట్టి డిస్కులన్నిటికీ నల్ల రంగు కొట్టిద్దామని ఉంది. పర్వాలేదా?

సమాధానం: నమస్తే. ముందు రెండు వద్దులు చెప్పేస్తాను. ఆ 19 అంగుళాల సెట్ వద్దు. ఆర్గన్ వెల్డింగ్ అంతకన్నా వద్దు. పగిలిన ముందు డిస్కుతో ఇంకా బండి నడుపుతుంటే ఈ రోజే ఆపేయండి. మార్కెట్ దాకే కదా, మెల్లగానే కదా అని కూడా వద్దు. లోపలి అంచున మొదలైన పగులు బయట నిలబడి చూసేవాళ్లకు కనిపించదు. గాలి కొద్దికొద్దిగా దిగడమే దాని గుర్తు. రన్‌ఫ్లాట్ టైరు గాలి లేకున్నా నిలబడే ఉంటుంది కాబట్టి ఆ గుర్తు కూడా మీ కంటికి ఆలస్యంగానే ఆనుతుంది.

ఇక కంపెనీవా, బయటివా అన్న పంచాయితీ. మీ దోస్తుల్లో రెండు పార్టీలూ డిస్కు మీద ఎవరి పేరుందో చూసి మాట్లాడుతున్నారు. బీఎండబ్ల్యూ అయినా ఇంకో కార్ల కంపెనీ అయినా డిస్కులు ఎక్కువగా బయటివాళ్ల దగ్గరే పోయిస్తుంది. రోనాల్, బీబీఎస్ లాంటివాళ్లు కార్ల కంపెనీలకు చేసిస్తారు, తమ సొంత పేరు మీద బజారులోనూ అమ్ముతారు. జపాన్‌కు చెందిన ఎన్‌కై కూడా అంతే, మన దేశంలోనూ దానికి ఫ్యాక్టరీ ఉంది. కాబట్టి బయటివి అనగానే నాసిరకం అనుకోనక్కరలేదు. మంచి పేరున్నవాళ్లు ఫోర్జింగ్ చేసిన, అంటే పోత పోయకుండా భారీ ఒత్తిడితో నొక్కి చేసిన డిస్కులు కొన్ని కంపెనీవాటికన్నా తేలిగ్గా, గట్టిగా కూడా ఉంటాయి. మీకు చూపించినవి ఆ కోవలోవి కావు. డిజైన్ అచ్చం బీఎండబ్ల్యూదే అన్నారంటే అవి రెప్లికాలు. బయటి రూపం ఒకరిది, లోపలి లోహం ఇంకెవరిదో. చేసినవాడి పేరు, మోసే బరువు వెనక వైపు పోతలో లేకపోతే రేపు ఏదైనా అయినప్పుడు అడగడానికి మనిషే ఉండడు.

నేను చూసేది రెండే. డిస్కు కొలతలు మీ కారు కొలతలేనా? ఎంత బరువుకు పరీక్షించామో చేసినవాళ్లు దాని మీద రాసి ఇచ్చారా? ఈ రెండూ ఉంటే బయటిదైనా వేసుకోండి. లేకపోతే ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

మీ బండి కొలతలు ఇవి, ఫోన్‌లో రాసిపెట్టుకోండి. బోల్టుల వరుస 5 బై 120, అంటే 120 మిల్లీమీటర్ల వలయం మీద 5 బోల్టులు. మధ్య రంధ్రం 72.6 మి.మీ. బోల్టులు ఎం12 బై 1.5, వాటి మెడ శంకువు ఆకారంలో ఉంటుంది. 18 అంగుళాల్లో ముందు డిస్కు 8 జే, అంటే 8 అంగుళాల వెడల్పు. ఆఫ్‌సెట్ 29, అంటే కారు హబ్‌కు (చక్రం బిగించే ఇరుసు కొనకు) ఆనుకునే ముఖం డిస్కు వెడల్పు మధ్యగీత కన్నా 29 మి.మీ. బయటివైపు ఉంటుంది. వెనకది 8.5 జే. టైర్లు ముందు 225/40 (225 మి.మీ. వెడల్పు, పక్క గోడ ఎత్తు అందులో 40 శాతం), వెనక 255/35. అంటే ముందుదీ వెనకదీ ఒకటి కాదు. పాత డిస్కు కొనేటప్పుడు చాలామంది జారిపడేది ఇక్కడే. "జెడ్4ది దొరికింది" అని ఫోన్ రాగానే డబ్బు పంపేస్తారు, తీరా వచ్చాక చూస్తే వెనకది. ఇంకో చిక్కు కూడా ఉంది. 2018లో వచ్చిన కొత్త తరం జెడ్4 డిస్కుల వరుస 5 బై 112. అదే పేరు, అదే కంపెనీ, ఒరిజినలే, అయినా మీ హబ్‌కు ఎక్కదు. పాత 5 సిరీస్‌లో కొన్నింటికి వరుస 120యే కానీ మధ్య రంధ్రం 74.1. బోల్టులు చక్కగా పడతాయి, బండి కదులుతుంది, హైవే ఎక్కి స్పీడ్ పెంచగానే స్టీరింగ్ వణుకుతుంది. ఆ సందు నింపే సరైన రింగు వేస్తే తప్ప ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా ఆ వణుకు పోదు. ఒరిజినల్ అన్న ఒక్క మాట పట్టుకుని కొంటే సరిపోదని చెప్పడానికే ఇదంతా.

ఇప్పుడు షాపతను చెప్పిన లెక్క చూద్దాం. ముందు చక్రం 8 జే, ఆఫ్‌సెట్ 29 నుంచి 8.5 జే, ఆఫ్‌సెట్ 35కు మారితే బయటి అంచు దాదాపు ఉన్నచోటే ఉంటుంది, లోపలి అంచు మాత్రం సుమారు 12 మి.మీ. సస్పెన్షన్ వైపు జరుగుతుంది. అందుకే స్పేసర్, అంటే హబ్‌కూ డిస్కుకూ మధ్య పెట్టే లోహపు బిళ్ల మాట తెచ్చాడు. ఈ కారుకు హబ్ నుంచి పొడుచుకొచ్చే స్టడ్డులు, వాటికి నట్లు ఉండవు. బోల్టు బయటి నుంచి వెళ్లి హబ్‌లోకి బిగుసుకుంటుంది. మధ్యలో స్పేసర్ పెడితే ఆ మందమంత బోల్టు లోపలికి తక్కువ వెళ్తుంది. బోల్టు మందమెంతో కనీసం అంత లోతు మర పట్టాలన్నది మెకానిక్కులు పాటించే లెక్క. మీ బోల్టుకు అది 12 మి.మీ., అంటే 8 చుట్లు. స్పేసర్‌కు తగ్గట్టు పొడవు బోల్టులు ఇస్తున్నాడా అని మీరు అడిగారా? అతనైతే ఆ మాట ఎత్తినట్టు మీ ఉత్తరంలో లేదు. మంచి స్పేసర్లు లేకపోలేదు. కానీ సరైన ఆఫ్‌సెట్ డిస్కు దొరికే కారుకు తప్పుడు ఆఫ్‌సెట్ తెచ్చి స్పేసర్‌తో సర్దడం ఎందుకు?

పైగా 19 అంగుళాలు. మీ ముందు టైరులో ఇప్పుడు రోడ్డుకూ డిస్కుకూ మధ్య ఉన్న రబ్బరు గోడ ఎత్తు 90 మి.మీ. 19 అంగుళాలకు వెళ్తే 225/35 టైరు వస్తుంది, గోడ 79 మి.మీ.కి దిగుతుంది. వెనక 255/30 అయితే 77 కూడా ఉండదు. 90 మి.మీ. ఉండగానే డిస్కు పగిలింది కదా. కరీంనగర్ రోడ్డు సంగతి మీకు నేను చెప్పాలా? పదుల టన్నుల గ్రానైట్ బండలు మోసే లారీలు తిరిగే దారి అది. వానాకాలం దాటితే దాని ముఖం ఎట్లా ఉంటుందో రోజూ తిరిగేవాళ్లకే తెలుసు. ఎక్స్‌ప్రెస్‌వేలు, అద్దంలాంటి ఊరి రోడ్లు ఉన్నచోట 19 అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. జెడ్4కు కంపెనీయే 19 కూడా ఇచ్చింది. మన దగ్గర మాత్రం అది టైర్ల షాపులకు మేలు చేసే అందం.

రన్‌ఫ్లాట్ గురించి మీరు ఒక్క మాటలో దాటేశారు కానీ మీ కారుకు అసలు కథంతా దానిలోనే ఉంది. మీ డిక్కీలో స్టెపినీ లేదు. గాలి మొత్తం పోయినా గంటకు 80 కి.మీ. మించకుండా సుమారు 80 కి.మీ. వెళ్లగలిగేలా టైరు పక్క గోడల్ని మందంగా, గట్టిగా చేసి, ఆ ధైర్యంతో స్టెపినీ తీసేశారు. ఆ గట్టిదనానికి రెండో వైపు కూడా ఉంది. మామూలు టైరు గుంతలో పడితే గోడ నలిగి దెబ్బలో కొంత తాను మింగుతుంది. రన్‌ఫ్లాట్ గోడ అంతగా నలగదు, దెబ్బను డిస్కుకు అందిస్తుంది. డిస్కులు పగిలాయన్న ఫిర్యాదు రన్‌ఫ్లాట్ కార్ల వాళ్ల నుంచి ఎక్కువగా వినిపించడానికి ఇదొక కారణం.

అంతేకాదు, రన్‌ఫ్లాట్ కోసం డిస్కు కూడా వేరుగా ఉంటుంది. టైరు అంచు కూర్చునే చోటు పక్కన చిన్న గట్టులాంటి ఉబ్బు ఉంటుంది. గాలి లేని టైరు మలుపులో అంచు వదిలి లోపలికి జారిపోకుండా ఆపేది అదే. రెండువైపులా ఎత్తు పెంచిన ఆ గట్లున్న డిస్కుకు ఈహెచ్2 అని గుర్తు వేస్తారు. మీ దగ్గర మిగిలిన కుడివైపు డిస్కు వెనక చూడండి, 8జే బై 18 పక్కన ఈహెచ్2 అని, ఆ తర్వాత ఐఎస్29 అని కనిపించాలి. ఐఎస్ అంటే బీఎండబ్ల్యూ భాషలో ఆఫ్‌సెట్, బయటివాళ్లు దాన్నే ఈటీ అని రాస్తారు. బజారులో దొరికే డిస్కుల్లో చాలావాటికి ఈ ఈహెచ్2 ఉండదు. వాటి మీద రన్‌ఫ్లాట్ వేస్తే రోజూ తిరగడానికి తేడా తెలియదు. పంక్చరైన రోజు, ఏ హుజూరాబాద్ మలుపులోనో తెలుస్తుంది. షాపతన్ని ఇదొక్కటి అడిగి చూడండి: "ఈహెచ్2 ఉందా?" అతను "అదేంటి సార్?" అంటే మాట అక్కడితో ఆపేయొచ్చు.

వెల్డింగ్ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి, లేకపోతే మేస్త్రీ మాటే గెలుస్తుంది. అతని చేతి పనిని నేను తక్కువ చేయడం లేదు. పోత పోసిన అల్లాయ్ డిస్కులు ఎక్కువగా 7 శాతం దాకా సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపిన అల్యూమినియంతో చేస్తారు. అచ్చులోంచి తీసినప్పుడు దానికి అంత బలం ఉండదు. 500 డిగ్రీలు దాటి వేడిచేసి, నీళ్లలో ముంచి ఒక్కసారిగా చల్లార్చి, తర్వాత 150 నుంచి 200 డిగ్రీల మధ్య కొన్ని గంటలు కాస్తే అప్పుడు బలం వస్తుంది. ఆర్గన్ వెల్డింగ్‌లో ఆర్క్ తగిలినచోట లోహం కరుగుతుంది, దాని చుట్టుపక్కల ఆ కాపు మొత్తం పోయి మెత్తబడుతుంది. అతుకు చూడటానికి గట్టిగానే ఉంటుంది, దాని పక్కన మళ్లీ పగులుతుంది. మొత్తం డిస్కును మళ్లీ ఆ కొలిమి పద్ధతిలో కాచే ఏర్పాటు వెల్డింగ్ షాపులో ఉండదు, ఉన్నా ఆ వేడికి డిస్కు గుండ్రం మారుతుంది. ట్రాక్టర్ ట్రాలీకి, ఇంటి గేటుకు ఆ మేస్త్రీ చేయి మంచిదే. 306 హార్స్‌పవర్ బండి ముందు చక్రానికి కాదు.

సొట్ట వేరు. వెనక డిస్కును టైరు విప్పించి, కడిగించి, బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పి చూడమనండి. సొట్ట అంచు వరకే ఉందా, స్పోక్ దాకా పాకిందా అన్నది ముఖ్యం. తర్వాత ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లి పగుళ్లు చూసే పరీక్ష ఒకటి ఉంది. సన్నని పగులున్నా ఎర్రగీతలా బయటపడుతుంది. ఇంజన్ హెడ్లు పరీక్షించే వర్క్‌షాపుల్లో ఇది తెలిసినవాళ్లు ఉంటారు. లోపలి అంచున చిన్న సొట్టే, పగులు లేదు అని తేలితే హైడ్రాలిక్ మెషీన్ మీద మెల్లగా సరిచేయించుకోవచ్చు. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. నిజానికి కార్ల కంపెనీలు ఈ బెండు తీయడాన్ని కూడా ఒప్పుకోవు, కొత్తదే వేయమంటాయి. నేను వెనక చక్రానికి, అదీ చిన్న సొట్టకు, ఒక్కసారి వరకు ఒప్పుకుంటాను. ఒకసారి సరిచేసింది మళ్లీ అదేచోట వంగితే తూకానికి అమ్మేయండి.

బయటి డిస్కుల మీద గుర్తుల సంగతి. ఏ డిస్కునైనా ముఖ్యంగా మూడు రకాలుగా పరీక్షిస్తారు. మలుపుల్లో పడే వంపు భారాన్ని లక్షల సార్లు పెట్టి చూడటం ఒకటి. టైరు ఎక్కించి, బరువు మోపి, డ్రమ్ము మీద తిప్పడం రెండోది. 13 డిగ్రీల వాలులో పెట్టి అంచు మీద బరువు పడేయడం మూడోది, మీ గుంతకు దగ్గరి చుట్టం అదే. జపాన్ డిస్కుల మీద జేడబ్ల్యూఎల్, వీఐఏ అని రెండు గుర్తులుంటాయి. మొదటిది తయారీదారు తనంతట తాను వేసుకునేది, రెండోది బయటి సంస్థ దగ్గర పరీక్షించి నమోదు చేయించుకున్నది. వీఐఏ లేకుండా ఒక్క జేడబ్ల్యూఎల్ చూపించి గొప్పలు చెప్తే అంత నమ్మకండి. జర్మనీ వాటికి కేబీఏ నంబర్ ఉంటుంది. యూరప్‌లో బదులు డిస్కులకు ఆర్124 అనే నిబంధన ఉంది. మన దేశంలో ఐఎస్ 16192 ప్రమాణం, దానికి ఐఎస్ఐ గుర్తు. ఇవేవీ కనబడని డిస్కును పక్కన పెట్టేయండి.

గుర్తు ఉన్నా మోసే బరువు చూడాలి. కారు ప్లేటు మీద ముందు, వెనక యాక్సిళ్లకు గరిష్ఠ బరువు వేర్వేరుగా రాసి ఉంటుంది. దాన్ని 2తో భాగిస్తే ఒక్కో డిస్కు మోయాల్సిన కనీస బరువు. మీ బండి ఖాళీగానే ఒకటిన్నర టన్నుకు పైన తూగుతుంది, చిన్న హ్యాచ్‌బ్యాక్‌ల కోసం పోసిన డిస్కు వరుస కలిసినంత మాత్రాన దీనికి చాలదు.

ఇంతకీ ఏం చేయాలి? షాపులు తిరిగే ముందు ఇన్సూరెన్స్ కాగితం తీయండి. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. సమగ్ర పాలసీ ఉంటే గుంతలో పడి డిస్కు పగలడం కూడా ప్రమాదమే. సర్వేయర్ చూడకముందే పాతవి పారేసి కొత్తవి వేయించారో, అడగడానికి ఏమీ మిగలదు. పదేళ్లు దాటిన బండికి లోహ భాగాల మీద 50 శాతం తరుగు తీస్తారు, టైర్ల మీదా 50 శాతమే. నో క్లెయిమ్ బోనస్ పోతుంది కూడా. అయినా ఒరిజినల్ రేటుతో వేసి చూస్తే క్లెయిమే లాభంగా తేలవచ్చు. నెల దాటింది కాబట్టి ఇంక ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా ఫోన్ చేసి అడగండి.

డబ్బు విషయంలో నా సలహా: ముందు చక్రానికి కంపెనీ డిస్కు ఒక్కటే కొనండి. నాలుగు కొనే పని లేదు. మీ కుడివైపువి బాగున్నాయి, ఒకే యాక్సిల్ మీద రెండు వైపులా ఒకే డిస్కు, ఒకే టైరు ఉంటే చాలు. కొత్తది అందని ధర అనిపిస్తే సెకండ్ హ్యాండ్ ఒరిజినల్ చూడండి, నాకైతే దానికి అభ్యంతరం లేదు. ప్రతి బీఎండబ్ల్యూ డిజైన్‌కూ ఒక స్టైల్ నంబర్, ప్రతి డిస్కు వెనకా 7 అంకెల పార్ట్ నంబర్ ఉంటాయి. మీ కుడివైపు ముందు డిస్కు వెనక ఫొటో తీసి, అదే నంబర్ ఉన్న డిస్కు వెనక ఫొటో పంపమనండి. ముందువైపు ఫొటో ఎంత మెరిసినా పనికిరాదు. ఈ మధ్యే రంగు వేసినట్టుంటే అనుమానించండి, పగులును దాచడానికి రంగును మించింది లేదు. మెషీన్ మీద తిప్పి చూపించాకే డబ్బు ఇస్తానని ముందే చెప్పండి.

రెండో దారి కూడా ఉంది, మీరు నెలకు నాలుగుసార్లు కరీంనగర్ తిరిగేవాళ్లయితే అదే నాకు ఎక్కువ నచ్చుతుంది. ఇదే తరం జెడ్4లో చిన్న ఇంజన్ వాటికి కంపెనీయే 17 అంగుళాలు ఇచ్చింది. నాలుగు వైపులా 8 జే, ఆఫ్‌సెట్ 29, 225/45 టైరు. గోడ ఎత్తు 101 మి.మీ., ఇప్పటికన్నా 11 ఎక్కువ. చక్రం మొత్తం ఎత్తు మాత్రం దాదాపు అంతే, స్పీడోమీటర్ లెక్క తప్పదు. నాలుగూ ఒకే సైజు కాబట్టి టైర్లు ముందువి వెనక్కి మార్చుకోవచ్చు, ఇప్పుడున్న వాటితో ఆ వీలు లేదు. ఈ కొలతల్లో, పైన చెప్పిన గుర్తులున్న బయటి కంపెనీ డిస్కులు నాలుగు దొరికితే నిశ్చింతగా వేసుకోండి, మంచి ఒరిజినళ్లను మూటకట్టి పైన పెట్టండి. అమ్మేరోజున వాటికి విలువ ఉంటుంది. రెండు విషయాలు మరవకండి. మీ 35ఐ బ్రేకులు పెద్దవి, డబ్బు కట్టే ముందు ఒక డిస్కు ఎక్కించి, చేత్తో తిప్పి, బ్రేకు కాలిపర్‌కు తగలడం లేదని చూసుకోండి. వెనక 255 బదులు 225 వేస్తే పట్టు కొంత తగ్గుతుంది, తడి రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కేటప్పుడు అది గుర్తుండాలి.

ఈ 17లకు మామూలు టైర్లు వేసుకుంటే కుదుపులు తగ్గుతాయి, డిస్కులకూ మేలు. కానీ స్టెపినీ లేదు కదా, పంక్చర్ కిట్, చిన్న కంప్రెసర్ డిక్కీలో ఉండాల్సిందే. దారిలో పంక్చర్ షాపులకు కొదవ లేదు, గోడ చీలితే మాత్రం మీ సైజు టైరు హనుమకొండలో కూడా వెంటనే దొరక్కపోవచ్చు. రాత్రి ప్రయాణాలు ఎక్కువైతే, 17లో కూడా రన్‌ఫ్లాటే కావాలంటే, మళ్లీ ఈహెచ్2 దగ్గరికే వస్తాం.

చట్టం మాట. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. మీ మోడల్‌కు కంపెనీ స్వయంగా ఇచ్చిన సైజుల్లో ఉంటే ఆ టెన్షన్ తక్కువ. బయటి డిస్కులు వేసుకుంటే పాలసీలో రాయించండి, బిల్లు దాచండి.

ఏది వేయించినా బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. హబ్ మీది తుప్పు బ్రష్‌తో గీకించి, బోల్టులు ముందు చేత్తో తిప్పి, ఆ తర్వాత టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకు బిగించాలి. గాలి గన్నుతో టకటకా కొట్టేసి పంపితే ఒప్పుకోకండి. 50 నుంచి 100 కి.మీ. తిరిగాక మళ్లీ ఒకసారి రెంచ్ వేసి చూడాలి. గుంత దెబ్బ పడింది కాబట్టి అలైన్‌మెంట్ తప్పనిసరి, ఎడమవైపు సస్పెన్షన్ చేతులూ బుష్షులూ కూడా చూపించండి. సస్పెన్షన్ చెయ్యి వంగి ఉంటే కొత్త డిస్కు వేసినా బండి ఒకపక్కకు లాగుతూనే ఉంటుంది, ఆ పాపం కొత్త డిస్కు మీద పడుతుంది.

బాపు ట్రాలీ ఆటో లెక్క నేను కాదనలేను. ఒక్క డిస్కుతో పని అయిపోతుందని చెప్పండి, సగం కోపం తగ్గుతుంది.

నల్ల రంగు సంగతి. కొట్టించండి, తప్పులేదు, కానీ పగుళ్ల పరీక్షలన్నీ అయ్యాక. పౌడర్ కోటింగ్‌లో డిస్కును దాదాపు 200 డిగ్రీల దాకా కాలుస్తారు. పైన చెప్పిన కాపు వేడి కూడా ఆ చుట్టుపక్కలదే, అందుకే మామూలు స్ప్రే పెయింటే మేలంటాను. బోల్టు మెడ కూర్చునే శంకువు గుంటల్లో, హబ్‌కు ఆనుకునే వెనక ముఖం మీద రంగు చుక్క పడకూడదు, టేపు వేయించండి. అక్కడ రంగు పేరుకుంటే నలిగి, బోల్టులు వదులవుతాయి. డిస్కు లోపలి గుండ్రం మాత్రం వెండి రంగులోనే వదిలేయమనండి. ఈసారి పగులొస్తే నలుపు మీద కన్నా దాని మీద ముందు కనిపిస్తుంది.